పాత కారుకు కొత్త పంకా: గుణదోష విచారణ

పాత స్పోర్ట్స్ కార్లను ప్రీతితో పోషించుకునేవారిలో ఒక నమ్మకం బలంగా ఉన్నది. ఇంజను వేడెక్కుతున్నదంటే తప్పు పంకాదే. బెల్టుతో తిరిగే పాత పంకాను ఊడదీసి, విద్యుత్తుతో తిరిగే కొత్త పంకాను బిగిస్తే బాధ తీరిపోతుంది. విడిభాగాలు అమ్మేవారు కూడా ఈ మాటనే చెబుతారు. ఇందులో కొంత నిజం ఉన్నది. అయితే ఆ నిజం ఎంతవరకు, ఏ పరిస్థితిలో అన్నది విచారించకుండా మార్పు చేస్తే డబ్బు ఖర్చవడమే కాక, అసలు రోగం లోపల అట్లాగే ముదురుతుంది. చివరకు సిలిండర్ల మీది హెడ్ వంగి, గాస్కెట్ కాలిపోయినప్పుడు గాని సంగతి బయటపడదు. అందుచేత ఈ మార్పును ఒక యంత్ర రచనగా భావించి, దాని గుణదోషాలను విమర్శించి చూడడం అవసరం.

ఇంగ్లండులో పుట్టిన విలాసపు కార్ల గొడవ తెలుగు విద్యార్థికెందుకని ఎవరైనా అడగవచ్చు. దీనికి సమాధానం ఒక అంకెలో ఉన్నది. 1955లో వెలువడిన ఎం.జి.ఏ. అనే ప్రసిద్ధ స్పోర్ట్స్ కారు ఇంజను పరిమాణం 1489 ఘన సెంటీమీటర్లు. హిందుస్థాన్ మోటార్స్ వారు ఉత్తరపారాలో 2014 వరకు తయారుచేసిన అంబాసిడర్ కారు చాలాకాలం మోసిన పెట్రోలు ఇంజను పరిమాణమూ 1489 ఘన సెంటీమీటర్లే. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి ‘బి’ వరుస ఇంజన్లు. 1962 నుంచి 1980 వరకు తయారైన ఎం.జి.బి.లో ఉన్నది కూడా ఆ వరుసదే. పరిమాణం మాత్రం 1798కి పెరిగింది. అంటే ఖమ్మం బస్టాండు దగ్గర ఒకప్పుడు టాక్సీగా నిలబడిన అంబాసిడర్, పందెపు దుస్తులు వేసుకున్న ఎం.జి. ఒక కడుపున పుట్టినవే. రెంటిలోనూ నీటి పంపు ముక్కుకు పంకా బిగించి ఉండేది. ఆ పంపును ఫ్యాన్ బెల్టు తిప్పేది. ఒకదానికి చెప్పిన విమర్శ రెండవదానికీ వర్తిస్తుంది.

రేడియేటరు చేసే పని

మొదట రేడియేటరు అన్న పేరునే విమర్శించవలసి ఉన్నది. ఆ పేరు వింటే వేడి వికిరణం ద్వారా పోతున్నదని విద్యార్థి అనుకుంటాడు. నిజానికి గొట్టాలలోని నీటి నుంచి లోహపు రేకులకు వేడి వహనం ద్వారా చేరుతుంది. రేకుల నుంచి గాలికి ముఖ్యంగా సంవహనం ద్వారా పోతుంది. వికిరణం పాలు చాలా స్వల్పం. కాబట్టి రేడియేటరు మీదుగా గాలి కదలాలి. కారు వేగంగా పోతున్నప్పుడు గాలి దానంతట అదే దూసుకువస్తుంది. కారు ఆగినప్పుడు గాలిని లాగవలసిన బాధ్యత పంకాది.

ఎంత గాలి కావాలో సుమారుగా లెక్క కట్టవచ్చు. బండి నిలిచి ఇంజను ఆడుతూ ఉన్నప్పుడు గంటకు ఒక లీటరు పెట్రోలు ఖర్చవుతుందనుకుందాం. లీటరు పెట్రోలు కాలితే సుమారు 32 మెగాజౌళ్ల శక్తి వెలువడుతుంది. గంటకు 3600 సెకండ్లు గనుక సెకండుకు దాదాపు 9 కిలోజౌళ్లు, అంటే 9 కిలోవాట్లు. ఇందులో సుమారు మూడవ వంతు, 3 కిలోవాట్లు, నీటికి చేరుతుంది. నీళ్లు కాచుకునే వెయ్యి వాట్ల హీటర్లు మూడు ఒకేసారి రేడియేటరులో ముంచి పెట్టినట్లన్నమాట. గాలి విశిష్టోష్ణం కిలోగ్రాముకు, డిగ్రీకి ఒక కిలోజౌలు. రేడియేటరు దాటేలోగా గాలి 25 డిగ్రీలు వేడెక్కితే, సెకండుకు 0.12 కిలోగ్రాముల గాలి, అనగా 110 లీటర్ల దాకా కావాలి. ఇది పంకాకు అసాధ్యమైన పని కాదు.

అదే కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతూ గంటకు 8 లీటర్లు కాలుస్తుంటే, తోడవలసిన వేడి 24 కిలోవాట్లు అవుతుంది. ఎనిమిది రెట్లు! కాని అప్పుడు ఎదురుగాలి సెకండుకు 22 మీటర్ల వేగంతో రేడియేటరును తాకుతుంది. పంకా దాని ముందు లెక్కలోనిది కాదు.

కారేపల్లి ఎండ

ఇక స్థలభేదం. కారేపల్లి ఖమ్మం జిల్లాలో సింగరేణి మండలానికి కేంద్రం. భద్రాచలం అడవుల వైపు సాగే దారిలో ఉన్నది. డోర్నకల్లు నుంచి కొత్తగూడెం పోయే రైలుమార్గంలో ఇల్లెందుకు శాఖ చీలే జంక్షను కూడా అదే. ఆ ప్రాంతంలో మే నెల మధ్యాహ్నాలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. రేడియేటరులోని నీరు 90 డిగ్రీల వద్ద ఉన్నదనుకుంటే, 20 డిగ్రీల ఇంగ్లండు గాలికీ దానికీ తేడా 70 డిగ్రీలు. కారేపల్లిలో ఆ తేడా 45 డిగ్రీలే. వస్తువు కోల్పోయే వేడి ఈ తేడాను అనుసరించి ఉంటుందని న్యూటన్ శీతలీకరణ నియమం చెబుతుంది. కాబట్టి ఇంగ్లండులో నూరు పాళ్లు పనిచేసే రేడియేటరు కారేపల్లిలో 64 పాళ్లే పనిచేస్తుంది. కారు అదే, నీరు అదే, పంకా అదే. మూడవ వంతు శక్తి మాత్రం మాయమైంది.

ఈ లోటును పంకాతోనే పూడ్చగలమా? గాలిని రెట్టింపు చేసినంత మాత్రాన వేడి రెట్టింపుగా పోదు. సుమారుగా చెప్పాలంటే, ఒకటిన్నర రెట్లు పోతుంది. అంటే లోటు పూడడానికి గాలి రెట్టింపు కావాలి. మరి గాలి రెట్టింపు కావాలంటే పంకాకు ఎంత శక్తి ఇవ్వాలి? ఇక్కడ పంకాల నియమం అడ్డు వస్తుంది.

పాత పంకా: నియమమే దోషం

గాలి మార్గంలో నిరోధం మారనప్పుడు, పంకా తోసే గాలి దాని భ్రమణ వేగాన్ని బట్టి ఉంటుంది. అది కలిగించే పీడనం వేగం వర్గాన్ని బట్టి, అది మింగే శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. సింగరేణి భూగర్భ గనులకు గాలి ఆడించే పెద్ద పంకాలు కూడా ఈ నియమానికే కట్టుబడినవి. గాలి రెట్టింపు కావాలంటే శక్తి ఎనిమిది రెట్లు కావాలి.

బెల్టు పంకాను ఈ నియమంతో తూచితే దాని లోపం తేటపడుతుంది. ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతూ నిలిచి ఉన్నప్పుడు పంకా 20 వాట్లు తీసుకుంటుందనుకుందాం. ఇంజను 4800 చుట్లు తిరిగేసరికి వేగం ఆరు రెట్లు. శక్తి 216 రెట్లు. 20 వాట్లు 4320 వాట్లయినవి, అంటే దాదాపు 6 అశ్వశక్తులు. 70 అశ్వశక్తుల ఇంజనుకు ఇది చిన్న కప్పం కాదు. పైగా ఆ వేగంలో ఎదురుగాలి పుష్కలంగా ఉన్నది. పంకా సహాయం అక్కరలేదు. సహాయం కావలసిన చోట, రైల్వే గేటు పడి బండి నిలిచినప్పుడు, ఆ పంకా నెమ్మదిగా తిరుగుతుంది. అవసరం హెచ్చినప్పుడు తక్కువ పని, అవసరం లేనప్పుడు మితిమీరిన పని: బెల్టు పంకా మీద ప్రధానమైన ఆక్షేపణ ఇదే.

అయినా దాని పక్షాన ఒక మాట చెప్పాలి. దానికి తీగ లేదు, స్విచ్ లేదు, మోటారు లేదు. బెల్టు తెగనంతకాలం అది తిరుగుతుంది. బెల్టు తెగితే నీటి పంపు కూడా ఆగుతుంది గనుక డ్రైవరుకు వెంటనే తెలుస్తుంది. అడవిదారిలో మెకానిక్కు దొరకని చోట ఇది చిన్న గుణం కాదు.

కొత్త పంకా: గుణాలు

విద్యుత్ పంకా ఇంజను వేగానికి కట్టుబడి ఉండదు. నీరు ఒక నిర్ణీత ఉష్ణోగ్రతను చేరినప్పుడు ఉష్ణస్విచ్ దాన్ని తిప్పుతుంది. కొన్ని డిగ్రీలు దిగగానే ఆపుతుంది. బండి నిలిచినా అది పూర్తి వేగంతోనే తిరుగుతుంది. పొద్దున ఇంజను త్వరగా వెచ్చబడుతుంది. ఈ గుణాలు నిజమైనవి. కారు తయారీదారులే ఈ మార్పును ఆమోదించారు. ఎం.జి.బి. జి.టి.లో ఎనిమిది సిలిండర్ల రకం 1973లో వచ్చినప్పుడు రెండు విద్యుత్ పంకాలతోనే వచ్చింది. మామూలు ఎం.జి.బి.కి 1976లో విద్యుత్ పంకా ఏర్పాటు జరిగింది.

అయితే తయారీదారులు ఏమేమి మార్చారో గమనించాలి. 1967 చివర ఎం.జి.బి.లో డైనమో పోయి ఆల్టర్నేటర్ వచ్చింది. 1976లో రేడియేటరును ముందుకు జరిపారు. పంకా ఆ తరువాతి మెట్టు. పాత కారు యజమాని మొదటి రెండు మెట్లూ వదిలి మూడవదాని మీదికే ఎగురుతాడు. అతడు చేసేది తయారీదారుని అనుకరణ అని చెప్పుకున్నా, అది సగం అనుకరణే.

జాగ్వార్ ఇ-టైప్ చరిత్ర మరొక పాఠం చెబుతుంది. 1961లో పుట్టిన ఈ కారుకు మొదటినుంచీ ఉష్ణస్విచ్‌తో పనిచేసే విద్యుత్ పంకా ఉన్నది. అయినా వీధుల రద్దీలో వేడెక్కుతుందన్న అపకీర్తి దానికి తప్పలేదు. 1968లో వచ్చిన రెండవ శ్రేణిలో పంకాలను రెండు చేశారు. దానితోపాటు గాలి ప్రవేశించే ముందరి నోటిని కూడా పెద్దది చేశారు. నోరు చిన్నదైతే ఊపిరితిత్తులు ఎంత పెద్దవైనా ప్రయోజనమేమి?

కొత్త పంకా: దోషాలు

మొదటి దోషం విద్యుత్తు లెక్కలో ఉన్నది. పంకా 120 వాట్లదైతే 12 వోల్టుల వద్ద 10 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు ముందు దీపాలకు 7 లేక 8 ఆంపియర్లు, జ్వలనానికి 3 లేక 4. మొత్తం 20 దాటుతుంది. ఆనాటి బ్రిటిష్ కార్లలో విరివిగా వాడిన లూకాస్ సి-40 డైనమో గరిష్ఠంగా ఇవ్వగలిగింది 22 ఆంపియర్లు. అది కూడా ఇంజను చురుకుగా తిరిగినప్పుడు. బండి నిలిచినప్పుడు డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. పంకా తిరిగేది సరిగ్గా అప్పుడే! ఆ భారమంతా బ్యాటరీ మీద పడుతుంది. బెల్టు పంకా బలహీనత ఏ సమయంలో బయటపడుతుందో, డైనమో బలహీనతా అదే సమయంలో బయటపడుతుంది. ఆల్టర్నేటర్ లేని కారుకు ఈ పంకా బిగించడమంటే జబ్బును నీటి నుంచి విద్యుత్తులోకి మార్చడమే.

రెండవది ధ్రువత్వం. 1967కు పూర్వపు ఎం.జి.బి.లలో బ్యాటరీ ధనధ్రువాన్ని కారు శరీరానికి కలిపేవారు. నేటి పరికరాలు ఋణధ్రువం కలిపే కార్లకోసం తయారవుతాయి. శాశ్వతాయస్కాంతం గల మోటారుకు తీగలు తారుమారైతే అది వెనక్కి తిరుగుతుంది. ముందుకు పోయే కారులో గాలిని వెనుకనుంచి ముందుకు తోసే పంకా ఎదురుగాలితో కుస్తీ పడుతుంది. బిగించినవాడు రెక్కలు తిరగడం చూసి తృప్తిపడతాడు. ఏ దిక్కుకు గాలి వీస్తున్నదో ఒక కాగితం ముక్క పెట్టి చూడడు.

మూడవది బిగింపు. కొన్ని పంకాలను రేడియేటరు రేకుల మధ్యగా ప్లాస్టిక్ పట్టీలు దూర్చి కట్టేస్తారు. రోడ్డు కుదుపులకు పట్టీలు గొట్టాలను రాస్తూ చివరకు చిల్లు పెడతాయి. పంకాను వేరే చట్రానికి బిగించడం మేలు. రేడియేటరు ముందు పెట్టిన పంకా, తిరగనప్పుడు ఎదురుగాలికి అడ్డుగోడ అవుతుంది. చోటుంటే వెనుక పెట్టడమే నయం.

నాలుగవది అందరూ మరచేది. పంకా చుట్టూ రేడియేటరు అంచులవరకు కవరు లేకపోతే, రెక్కలు తమ ఎదుటనున్న వృత్తం నుంచే గాలి లాగుతాయి, మూలలు నిరుపయోగమవుతాయి. పక్కల సందులగుండా ఇంజను వెనుకటి వేడిగాలి తిరిగి ముందుకు వచ్చి అదే మళ్ళీ రేడియేటరులో దూరుతుంది. ఒక రేకు ముక్కతో, రబ్బరు పట్టీతో ఈ సందులు మూయవచ్చు. పంకా వెలతో పోలిస్తే దీనికయ్యే ఖర్చు అత్యల్పం. అమ్ముకోవడానికి పెద్ద వస్తువేమీ లేదు గనుక ప్రచారం కూడా లేదు.

రోగమెక్కడ?

ఈ విచారణ వల్ల ఒక పరీక్ష లభిస్తుంది. బండి నిలిచినప్పుడే వేడెక్కి, కదలగానే చల్లబడితే లోపం గాలిది. పంకా గాని, కవరు గాని సరిచేయాలి. నిలిచినప్పుడు బాగుండి, వేగంగా పోతున్నప్పుడు వేడెక్కితే పంకాకు దానితో సంబంధం లేదు. అప్పుడు రేడియేటరు గొట్టాలు, నీటి పంపు, థర్మోస్టాట్, జ్వలన సమయం, పెట్రోలు గాలి మిశ్రమం పరీక్షించాలి. రెండు చోట్లా వేడెక్కితే ముందు రేడియేటరును అనుమానించాలి.

బోరుబావి నీళ్లు వాడే ప్రాంతాలలో ఈ అనుమానం మరింత న్యాయమైనది. కఠినజలం వేడెక్కినప్పుడు కాల్షియం కార్బొనేటు గొట్టాల లోపల గారగా పేరుకుంటుంది. రాగి వేడిని మోసే శక్తిలో గారకున్నది నూరోవంతు కన్నా తక్కువ. గార పట్టిన గొట్టం మీద ఎంత గాలి విసిరినా, కంబళి కప్పుకున్నవానికి విసనకర్రతో విసిరినట్లే. స్వేదనజలంలో తుప్పును ఆపే మందు తగుపాళ్లలో కలిపి పోయడం దీనికి నివారణ.

ఇంకొక రోగం వేడిమి వేషంలో వస్తుంది. వేసవిలో పెట్రోలు, పంపులోనే ఆవిరై ప్రవాహం తెగి ఇంజను ఆగిపోతుంది. అంబాసిడర్ డ్రైవర్లు పెట్రోలు పంపు మీద తడిగుడ్డ చుట్టి ఈ బాధ తప్పించుకునేవారు. భాష్పీభవనం వల్ల చల్లదనం కలుగుతుందన్న పాఠం వారికి పుస్తకం లేకుండానే తెలుసు. నీటి ఉష్ణోగ్రత సరిగా ఉన్నదని ముల్లు చూపుతూ ఉంటే, ఈ రోగానికి రేడియేటరు పంకా మార్చడం వృథా.

ఒక హెచ్చరిక ఇక్కడే అవసరం. రేడియేటరు మూత లోపలి పీడనాన్ని పెంచి నీటి మరుగు స్థానాన్ని పెంచుతుంది. వాతావరణ పీడనం కన్నా సగం వంతు ఎక్కువైతే నీరు 111 డిగ్రీల దగ్గర గాని మరగదు. వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే పీడనం పడిపోయి, ఆ నీరు క్షణంలో ఆవిరిగా చిమ్మి ముఖం, చేతులు కాలుస్తుంది. ఇంజను ఆపి, చల్లారేదాకా ఆగడం తప్ప వేరే దారి లేదు.

రైలింజను చెప్పే తీర్పు

కారేపల్లి విద్యార్థికి ఈ సమస్య పరిష్కారం మరొక రూపంలో దగ్గరలోనే ఉన్నది. దక్షిణ మధ్య రైల్వేలో దశాబ్దాలపాటు పనిచేసిన డబ్ల్యు.డి.ఎం.-2 డీజిల్ ఇంజన్లలో రేడియేటరు పంకాను ఇంజనే తిప్పేది. కాని ఇంజనుకూ పంకాకూ మధ్య సుడి విద్యుత్ప్రవాహాలతో పనిచేసే క్లచ్ ఉండేది. నీరు వేడెక్కినప్పుడే క్లచ్‌కు విద్యుత్తు అంది పంకా తిరిగేది. ఇంజను బలమూ, అవసరమైనప్పుడే పనీ, రెండూ అందులో కుదిరినవి. కార్లలో సిలికోన్ ద్రవం నింపిన క్లచ్‌లు ఇదే పని చేస్తాయి. పంకాను ఏ శక్తి తిప్పుతున్నదన్నది రెండవ ప్రశ్న. అవసరాన్ని గుర్తించి తిరుగుతున్నదా అన్నదే మొదటి ప్రశ్న.

కాబట్టి తీర్పు ఇట్లా చెప్పవచ్చును. నిలిచినప్పుడు మాత్రమే వేడెక్కే పాత కారుకు, ఆల్టర్నేటర్ ఉండి, రేడియేటరు శుభ్రంగా ఉండి, కవరు సరిగా అమరితే విద్యుత్ పంకా మంచి మార్పే. ఈ షరతులలో ఒక్కటి లోపించినా ముందు ఆ లోపాన్నే సరిచేయాలి. చాలాసార్లు పంకా దాకా పోనక్కరలేదు. మార్పు చేసినా పాత పంకాను పారవేయకూడదు. కొత్త రంధ్రాలు తొలచకుండా, మళ్ళీ పాత పంకాను బిగించుకునే వీలుంచాలి. పాత యంత్రం ఆనాటి ఆలోచనకు సాక్ష్యం. దాన్ని చెరిపివేసే హక్కు సౌకర్యానికి లేదు.

తరగతిలో

ఈ వాదాన్ని కారు లేకుండానే పరీక్షించవచ్చు. ఒకే కొలత గల రెండు మూతడబ్బాలలో వేడినీరు పోసి, మూతల రంధ్రాలలో థర్మామీటర్లు ఉంచాలి. ఒకదాన్ని నిలకడ గాలిలో, రెండవదాన్ని టేబుల్ ఫ్యాన్ ఎదుట పెట్టాలి. నీరు 80 నుంచి 70 డిగ్రీలకు దిగడానికి పట్టిన కాలాన్నీ, 50 నుంచి 40కి దిగడానికి పట్టిన కాలాన్నీ రాసుకోవాలి. గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలైతే రెండవ కాలం మొదటిదానికి దాదాపు మూడు రెట్లుంటుంది. కారేపల్లి ఎండ రేడియేటరుకు చేసే అన్యాయం ఇదే. తరువాత ఫ్యాను వేగం పెంచి ప్రయోగాన్ని మళ్ళీ చేయాలి. వేగం పెరిగినంతగా కాలం తగ్గకపోవడం విద్యార్థులు తామే చూస్తారు. మూడవసారి డబ్బా చుట్టూ ఒక గుడ్డ చుట్టి అదే వేగంతో గాలి విసరాలి. అప్పుడు వచ్చిన అంకెలను మొదటి అంకెల పక్కన రాసి, గార పట్టిన రేడియేటరుకు పెద్ద పంకా కొనడం ఎంత లాభమో లెక్కకట్టమని వారిని అడగవచ్చు.